గుస్సాడీ వేషం: కట్టే చేతులకు బడి ఎక్కడ?

ఉత్తర తెలంగాణ కళల చరిత్ర – 14

గత భాగంలో చిందు భాగవతుల కిరీటాలు, భుజకీర్తుల గురించి చెప్పుకున్నాం. ఆడేవాళ్లే వాటిని మోసుకుని ఊరూరా తిరిగిన తీరు చూశాం. ఈసారి గోదావరి దాటి ఆసిఫాబాద్ కొండల్లోకి వెళ్దాం. అక్కడ వేషానికి మరో చరిత్ర ఉంది. ఆ వేషం ఏడాదిలో కొన్ని రోజులే బయటికి వస్తుంది, మిగతా కాలమంతా భద్రంగా దాచి ఉంటుంది. బయటికి తీసే ముందు దానికి పూజ జరుగుతుంది.

ఆసిఫాబాద్ పాత పేరు జనగామ. అసఫ్‌జాహీల ఏలుబడిలో పేరు మారింది. కొంతకాలం జిల్లా కేంద్రంగా ఉండి, ఆ హోదాను ఆదిలాబాద్‌కు వదిలిపెట్టింది. 2016 అక్టోబర్ 11న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాకు కేంద్రమై మళ్లీ ఆ హోదా పొందింది. కెరమెరి ఘాట్ ఎక్కి జైనూర్ వైపు సాగితే రాజ్‌గోండులు, కోలాములు, పర్ధాన్లు, తోటీలు ఉండే గూడేలు వరసగా వస్తాయి. ఇప్పుడు ఊరేగింపుల్లో, పోస్టర్లపై, సర్కారు ప్రకటనల్లో ఆదిలాబాద్ అనగానే కనిపించే ఆ నెమలి ఈకల తలపాగా పుట్టిల్లు ఈ గూడేలే.

ఆ తలపాగా పెట్టుకుని ఆడే గుస్సాడీ నాట్యం గురించి చాలామంది రాశారు. ఆ వేషాన్ని తయారుచేసే పని గురించి రాసింది తక్కువ. ఈ భాగంలో ఆ పని వెంట నడుద్దాం. ఎవరు ఎవరికి నేర్పారు? వేషం ఢిల్లీ దారి పట్టాక, సినిమా కెమెరా ముందుకు వచ్చాక ఆ నేర్పు ఏమైంది?

దండారి రోజులు

వానకాలం పంట చేతికొచ్చే వేళ, దీపావళికి ముందు రోజుల్లో గోండు గూడేల్లో దండారి పండుగ మొదలవుతుంది. ఊరి పెద్ద ఇంట, పట్లా వాకిట్లో వాద్యాలు, వేషసామగ్రి బయటికి తీసి ఏత్మసూర్ పేన్ అనే దైవానికి పూజ చేస్తారు. ఆ పూజ అయ్యాకే డోలు మోగుతుంది, గజ్జె కదులుతుంది. దండారి బృందం ఒక ఊరి నుంచి మరో ఊరికి అతిథిగా వెళ్తుంది. వచ్చినవాళ్ల కాళ్లు కడిగి, భోజనం పెట్టి, రాత్రంతా ఆడి పాడి సాగనంపడం ఆ ఊరి బాధ్యత. మరుసారి ఈ ఊరివాళ్లు ఆ ఊరికి వెళ్తారు. వియ్యాలు కుదిరేది కూడా చాలావరకు ఈ రాకపోకల్లోనే. దీపావళి తరవాత కోలబోడితో పండుగ ముగుస్తుంది. గోదావరి ఒడ్డున దండేపల్లి మండలం గుడిరేవులో ఉన్న పద్మల్‌పురి కాకో గుడికి ఈ రోజుల్లో గుస్సాడీలు బృందాలుగా తరలివస్తారు.

బృందంలో అందరిదీ ఒకే వేషం కాదు. కోలలు పట్టుకుని వలయంగా ఆడే యువకులు కొందరు. చీర కట్టి, నగలు పెట్టి ఆడపిల్లలుగా అలంకరించుకునే కుర్రవాళ్లు కొందరు, వాళ్లను పోరిక్ అంటారు. డోలు, తుడుం, పేప్రే, కాళికోం వాయించేవాళ్లు వేరు. అందరిలోకీ దూరం నుంచే కనిపించేవాడు గుస్సాడీ. దీక్ష పట్టిన గుస్సాడీ పండుగ ముగిసేదాకా స్నానం చేయడు. ఒంటి మీది బూడిద అలాగే ఉండాలి. దైవం తన మీద ఉన్నాడన్న భావంతోనే నడుస్తాడు, కూర్చుంటాడు, అడుగు వేస్తాడు. అతని చేతిలోని దండం తగిలితే జబ్బు నయమవుతుందని ఊరి నమ్మకం.

ఇవి తెలియకుండా ఆ వేషం గురించి మాట్లాడలేం. ఎందుకంటే కట్టుబాటులోని ప్రతి నియమమూ తయారీలో కనిపిస్తుంది.

తల నుంచి పాదం దాకా

గుస్సాడీ తల మీద ఉండేదాన్ని మల్‌బూర అంటారు. నెమలి ఈకల కాడలను వత్తుగా, నిలువుగా కట్టి, పింఛం కళ్లన్నీ పైకి విచ్చుకునేలా నిలబెడతారు. కింద నుదుటి చుట్టూ వచ్చే పట్టీకి అద్దాలు, రంగు గుడ్డలు, మెరుపు తీగలు కుడతారు. ఇరువైపులా కొమ్ములు. ముఖానికి గడ్డం, మీసం. మెడలో పూసల దండలు, రుద్రాక్షలు, గవ్వలు. భుజం నుంచి వేలాడే తోలు. నడుముకు, కాళ్లకు గజ్జెలు. ఒంటి నిండా బూడిద, దాని మీద చారలు, చుక్కలు.

తలపాగా చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా, కట్టేవాడి ముందున్న మొదటి సమస్య బరువు. గుస్సాడీ ఒక చోట నిలబడి ఆడడు. ఒంగుతాడు, గెంతుతాడు, తల ఒక్కసారి పక్కకు విదిలిస్తాడు. అంత ఎత్తున్న ఈకల కట్ట అప్పుడు పడిపోకూడదు, నుదుటిని కోయకూడదు, కళ్ల మీదికి జారకూడదు. ఈకలు మరీ వదులుగా కడితే మధ్యలో సందు కనిపిస్తుంది. మరీ బిగిస్తే కాడలు విరుగుతాయి, విదిలించినప్పుడు అల కదలదు. చూసేవాళ్లకు కనిపించే ఆ అలే గుస్సాడీ ఆటకు ప్రాణం. కాబట్టి తలపాగా కట్టేవాడికి ఆట తెలిసి ఉండాలి. అడుగు ఎక్కడ పడుతుందో, తల ఎప్పుడు తిరుగుతుందో తెలిసినవాడే ముడి ఎక్కడ వేయాలో చెప్పగలడు.

రెండో సమస్య కాలం. మగనెమలి వానలు తగ్గే రోజుల్లో తోక ఈకలు రాలుస్తుంది. అవి అడవిలో, చేల గట్ల మీద దొరుకుతాయి. వాటిని ఏరి, పురుగు పట్టకుండా దాచి, పోగుచేసుకుంటూ పోవాలి. ఒక తలపాగాకు సరిపడా ఈకలు ఒక్కరోజులో రావు. అందుకే దాన్ని ఏడాదికోసారి కొత్తగా చేయడం కన్నా, ఉన్నదాన్ని కాపాడుతూ, పాడైన ఈకల చోట కొత్తవి చేరుస్తూ రావడమే ఆచారంగా నిలిచింది. అందులో తాత కట్టిన ముడి పక్కనే మనుమడు వేసిన ముడి ఉంటుంది.

మూడోది చప్పుడు. గజ్జెలు అలంకారం కోసమే అనుకుంటే పొరపాటు. డోలు దెబ్బకు అడుగు జవాబిచ్చేది గజ్జెతోనే. ఇత్తడి పోతలో గోడ మందం మారితే నాదం మారుతుంది. ఈ ప్రాంతంలో ఆ పోత పని తరతరాలుగా ఓజాలది. జైనూర్ మండలం ఉషేగాం, ఆసిఫాబాద్ దగ్గరి కేస్లాగూడ ఆ పనికి పేరున్న ఊళ్లు. మట్టి అచ్చు మీద మైనం తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగించిన ఇత్తడి పోసే ఆ పద్ధతికే డోక్రా అని పేరు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇక నేర్పు సంగతి. ఈ పనికి గోండు గూడెంలో ఏనాడూ తరగతి గది లేదు. పండుగకు ముందు సామగ్రి బయటికి తీసినప్పుడు పిల్లలు చుట్టూ చేరతారు. మొదట చూస్తారు, తరవాత దారం అందిస్తారు, ఆ తరవాత పూసలు గుచ్చుతారు. వేషం కట్టే రోజున ఒకరు కూర్చుంటే ముగ్గురు చుట్టూ నిలబడి కడతారు. ఏది ముందు, ఏది తరవాత, దేన్ని నేల మీద పెట్టకూడదు, దేన్ని ఎవరు ముట్టాలి అన్నవన్నీ పని చేస్తుండగానే చెవిన పడతాయి. నియమం, నైపుణ్యం ఒకే సమయంలో, ఒకే నోట వినే చదువు అది. దానికి ఒక లోపం కూడా ఉంది. పండుగ జరిగిన ఏడే పాఠం జరుగుతుంది. ఊళ్లో కట్టే పెద్ద కన్నుమూస్తే, పక్కన నిలబడ్డవాడికి ఎంత తెలుసో అంతే మిగులుతుంది.

మార్లవాయిలో మొదటి రాత

1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కుమురం భీం నేలకొరిగాక, గోండుల కడుపుమంట ఎందుకో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం సర్కారుకు వచ్చింది. అప్పటికే రెండో ప్రపంచ యుద్ధం వల్ల హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోయిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఆ పని మీద ఆదిలాబాద్ అడవులకు వచ్చాడు. భార్య బెట్టీతో కలిసి జైనూర్ దగ్గర మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. ఆయన రాసిన ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ 1948లో అచ్చయింది. గోండుల పురాణాలు, పూజలు, పండుగలు అంత వివరంగా అచ్చులోకి రావడం అదే మొదలు. ఆనాటి ఆయన ఫొటోలు లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. బెట్టీ 1987లో చనిపోయాక ఆమె సమాధి మార్లవాయిలోనే కట్టారు. 1995లో కన్నుమూసిన హైమన్‌డార్ఫ్ అస్థికలు కూడా 2012లో ఆమె పక్కకే చేరాయి.

మన కథకు ముఖ్యమైంది ఆయన పుస్తకం కన్నా ఆయన పెట్టించిన బడి. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. బయటి నుంచి పంతుళ్లను పంపితే వాళ్లకు గోండి రాదు, పిల్లలకు వాళ్ల మాట అర్థం కాదు. కాబట్టి ముందు గోండుల్లోంచే పంతుళ్లను తయారుచేయాలి, ఆ తరవాత ఊరూరా బడి పెట్టాలి. గోండిలో వాచకాలు రాయించారు. అక్కడ చదివినవాళ్లు ఊళ్లలో పంతుళ్లయ్యారు.

ఏ చదువైనా పంతులుతో మొదలుకావాలని, ఆ పంతులు ఆ నేల మనిషే కావాలని ఆ కేంద్రం 80 ఏళ్ల కిందట రుజువు చేసింది. వేషం చదువుకు కూడా అదే సూత్రం వర్తిస్తుంది. అది తరవాత చూద్దాం.

మార్లవాయి నుంచి ఢిల్లీకి

ఆ మార్లవాయి బిడ్డే కనక రాజు. గుస్సాడీ రాజు అని జనం పిలుచుకున్న మనిషి. 1980ల తొలి ఏళ్లలో ఇందిరాగాంధీ ప్రధానిగా ఉండగా గణతంత్ర వేడుకల కోసం ఢిల్లీ వెళ్లిన గుస్సాడీ బృందంతో ఆయన పేరు ముడిపడింది. ఊళ్లో ఆశ్రమ పాఠశాలలో వంట పని చేస్తూనే ఏళ్ల తరబడి పిల్లలకు, యువకులకు గుస్సాడీ నేర్పారు. గిరిజన సంక్షేమ శాఖ అండతో శిక్షణ తరగతులు నడిపినప్పుడూ ఆయనే గురువు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌లో, దండారి రోజులు దగ్గరపడిన వేళ, ఆయన కన్నుమూశారు. ప్రభుత్వ లాంఛనాలతో ఊళ్లోనే అంత్యక్రియలు జరిగాయి.

కనక రాజు చేసిన పని చాలా పెద్దది. పండుగతో పాటే పుట్టి పండుగతో పాటే ముగిసే చదువును ఏడాది పొడవునా నేర్పదగ్గ చదువుగా మార్చారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఈ రోజు పదిమంది ముందు ధైర్యంగా నిలబడుతున్నారు.

కానీ వేదిక ఎక్కడంతో వేషానికి కొత్త చిక్కులు వచ్చాయి. ఊళ్లో ఆట వలయంగా సాగుతుంది, చూసేవాళ్లు చుట్టూ ఉంటారు. వేదిక మీద చూసేవాళ్లు ఒకవైపే ఉంటారు. ఊళ్లో రాత్రంతా సాగేది రవీంద్రభారతిలో పది నిమిషాల్లో ముగియాలి. పగటి ఎండలో, నెగడు వెలుగులో మెరిసే అద్దం స్టేజీ లైట్ల కింద చూసేవాడి కంట్లో గుచ్చుతుంది. రైలు ప్రయాణంలో ఈకలు నలుగుతాయి. పండుగకు ఒకసారి బయటికొచ్చే తలపాగా నెలకోసారి బయటికొస్తే ఎన్నాళ్లు నిలుస్తుంది? అన్నిటికీ మించి, పూజ చేసి దాచిన వస్తువును పండుగ కాని రోజున, నాయకుల స్వాగతానికి బయటికి తీయవచ్చా? తీయకూడదని గోండు పెద్దలు చాలాసార్లు గట్టిగా చెప్పారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది.

ఇక్కడే నేర్పులో ఒక ఖాళీ కనిపిస్తుంది. ఆటకు శిక్షణ వచ్చింది, గురువు వచ్చాడు, పురస్కారం వచ్చింది. వేషం తయారీకి అలాంటి ఏర్పాటు రాలేదు. బృందాలు పెరిగే కొద్దీ తలపాగాలు కావాలి. కట్టేవాళ్లు పెరగలేదు. అప్పుడు జరిగేవి రెండే. పూజసామగ్రి వేదిక ఎక్కుతుంది, లేదా బజారు సరుకుతో హడావిడిగా చుట్టిన తలపాగా దాని చోటు తీసుకుంటుంది. మొదటిది ఆచారానికి నష్టం, రెండోది కళకు.

కెమెరా ముందు

సినిమాలో వేషం చాలా దగ్గర నుంచి కనబడుతుంది. కాబట్టి తప్పు కూడా దగ్గర నుంచే కనబడుతుంది.

తెలంగాణ నేల మీది వేషం తెరపై ఎంత నిజంగా నిలబడగలదో చూపిన సినిమా బి. నర్సింగరావు ‘దాసి’. 1988 సంవత్సరానికి జాతీయ పురస్కారాల్లో దానికి అయిదు వచ్చాయి. అందులో దుస్తుల రూపకల్పనకు సుదర్శన్ అందుకున్నది ఒకటి, కళా దర్శకత్వానికి తోట వైకుంఠం అందుకున్నది మరొకటి. వైకుంఠం కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లి మనిషి. చిన్ననాడు ఊళ్లో చూసిన ఆడవాళ్ల చీరకట్టు, బొట్టు, ముక్కెర ఆయన బొమ్మల నిండా ఉంటాయి. నిజాం కాలపు గడీలో దాసి ఎలా కట్టుకుంటుంది, దొరసాని ఎలా కట్టుకుంటుంది అన్నది తెలిసిన కళ్లు ఆ సినిమాకు పనిచేశాయి. నేల తెలిసినవాళ్ల చేతిలో పెడితే పల్లె కట్టు కూడా దేశం ముందు నిలుస్తుందని ‘దాసి’ చెప్పింది.

ఆసిఫాబాద్ వీరుడి మీద సినిమాలు వేరేగా వచ్చాయి. అల్లాణి శ్రీధర్ దర్శకత్వంలో భూపాల్ రెడ్డి భీంగా నటించిన ‘కొమరం భీం’ 1990లో తయారై, 2010లో గానీ థియేటర్లకు రాలేదు. ఆ తరవాత రాజమౌళి ‘ఆర్ఆర్ఆర్’. దానికి దుస్తులు రూపొందించింది రమా రాజమౌళి. 2020 అక్టోబర్‌లో భీం పాత్ర పరిచయ దృశ్యం విడుదలైనప్పుడు ఆ పాత్ర తల మీది టోపీ చూసి ఆదిలాబాద్ ఆదివాసీ సంఘాలు నిరసన తెలిపాయి. 2022లో సినిమా వచ్చాక అది కథలో మారువేషంలో భాగమని తేలింది. చిత్ర బృందం కల్పిత కథే చెబుతున్నామంది. ఆదివాసీలు తమ వీరుడి రూపం గురించి మాట్లాడారు. ఆ వివాదం నాకు ఒక విషయం స్పష్టం చేసింది. ఈ నేలలో మనిషి తల మీద ఏముందన్నది అతను ఎవరన్న ప్రశ్నతో ముడిపడి ఉంది. వేషం గీసేవాళ్లు, కుట్టేవాళ్లు ఈ సంగతి చదువుకుని రావాలి. ఆ చదువు చెప్పగలవాళ్లు జైనూర్‌లో, కెరమెరిలో, తిర్యాణిలో ఉన్నారు.

సినిమా వేషానికి ఇంకో ధర్మం ఉంది. ఒకే దుస్తు నాలుగైదు ప్రతులుగా కావాలి. వానలో తడిసేదొకటి, పోరాటంలో చిరిగేదొకటి, డూప్‌కు ఒకటి. కొత్త బట్టను పదేళ్లు వాడినట్టు మాపాలి. కంటిన్యుటీ తప్పకుండా చూసుకోవాలి. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చే పనులు. మన కాస్ట్యూమ్స్ విభాగాల్లో చాలామంది వాటిని ఒక పెద్ద కాస్ట్యూమర్ చేతికింద, సంవత్సరాల తరబడి పనిచేస్తూ నేర్చుకున్నవాళ్లే. ఆ పద్ధతి గోండు గూడెంలోని పద్ధతికి చాలా దగ్గర. ఇద్దరూ కలిస్తే ఒకరి భాష మరొకరికి తేలిగ్గా అర్థమవుతుంది.

బడి కట్టాలంటే

భరతుడి నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగుగా విభజించి, అందులో ఒకటిగా ఆహార్యాన్ని పెట్టింది. ఆ ఆహార్యాన్ని మళ్లీ పుస్తం, అలంకారం, అంగరచన, సజీవం అని నాలుగు చేసింది. తయారుచేసిన వస్తువులు పుస్తం. నగలు, బట్టలు అలంకారం. ఒంటికి పూసేది అంగరచన. వేదిక మీదికి వచ్చే ప్రాణులు సజీవం. గుస్సాడీ చేతి దండం, తలపాగా, బూడిద చారలు ఒక్కొక్కటీ ఒక్కో శాఖలో ఒదుగుతాయి. అంటే ఒక ఏడాది పాఠ్యక్రమానికి సరిపడా విద్య ఆ ఒక్క మనిషి ఒంటి మీదే ఉంది.

కేరళ ఈ పని ఎప్పుడో చేసింది. వల్లత్తోళ్ 1930లో స్థాపించిన కేరళ కళామండలంలో కథాకళి నటనకు ఎంత పద్ధతిగా శిక్షణ ఉందో, ముఖానికి ‘చుట్టి’ అనే అలంకారం కట్టే విద్యకూ అంతే పద్ధతిగా ఉంది. బియ్యప్పిండి ముద్దతో, కాగితంతో దవడ చుట్టూ తెల్లని అంచు నిలబెట్టడం నేర్చుకోవడానికి విద్యార్థి ఏళ్లు వెచ్చిస్తాడు. ఆ విద్యార్థి వేదిక ఎక్కి ఆడడు. అయినా అతనికి గురువున్నాడు, పట్టా ఉంది, కళాకారుడిగా గౌరవం ఉంది. మన దగ్గర 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రంగస్థల శాఖలున్నాయి. 1995 నుంచి హైదరాబాద్‌లో నిఫ్ట్ ఉంది. జోడేఘాట్‌లో ఆదివాసీ మ్యూజియం ఉంది. ఉట్నూరులో ఐటీడీఏ ఉంది. వీటన్నిటినీ కలిపే దారి ఒకటి ఆసిఫాబాద్ నుంచి వేయాలి.

ఆ దారిలో మొదటి అడుగు గోండు పెద్దలది. ఏది పూజకు మాత్రమే ఉండాలి, దేనికి ప్రతి చేయవచ్చు, ఆ ప్రతిలో ఏ గుర్తు వదిలేయాలి అన్నది పట్లాలు, పూజలు చేసే దేవారీలు, రాయి సెంటర్లనే ఆదివాసీ పంచాయితీల పెద్దలు కూర్చుని తేల్చాలి. వాళ్ల మాటే ఆ బడికి చట్టం కావాలి. తరవాత తలపాగా కట్టేవాళ్లను, ఓజాలను, తోలు పని తెలిసినవాళ్లను జీతమిచ్చి గురువులుగా కూర్చోబెట్టాలి. వాళ్ల చేతి పనిని కొలతలతో, బొమ్మలతో, ముడి ముడికీ ఫొటోతో రాసి పెట్టాలి. 1940ల నాటి ఫొటోలతో పోల్చి ఏది మారిందో పిల్లలకు చూపాలి. రంగస్థల విద్యార్థులు ఒక వానకాలం చివర ఇక్కడికి వచ్చి ఈకలు ఏరడం నుంచి మొదలుపెట్టాలి.

సరుకు విషయంలోనూ చదువు కావాలి. నెమలి 1963 నుంచి జాతీయ పక్షి. 1972 వన్యప్రాణి చట్టం దాన్ని గట్టిగా కాపాడుతోంది. సహజంగా రాలిన తోక ఈకలకు మాత్రం ఆ చట్టంలో మినహాయింపు ఉంది. కొమ్ములు, అడవి జంతువుల తోళ్ల సంగతి అలా కాదు. కాబట్టి వేదికకు, సినిమాకు వాడే ప్రతిలో కొమ్ము స్థానంలో కర్ర, అడవి తోలు స్థానంలో మేక తోలు వాడడం నేర్పాలి. కొమ్ములా కనబడే కర్ర కావాలంటే మనకు నిర్మల్ ఉంది. పొనికి కర్రను పండులా, పక్షిలా మలిచే చేతులు కొమ్మును మలచలేవా?

రంగస్థలం కోసం వేషం చేయడం నేర్పితే ఆచారం చెడుతుందని కొందరి భయం. చరిత్ర చూస్తే నాకు దానికి ఎదురు మాటే నిజమనిపిస్తుంది. మంచి ప్రతి చేయగలవాళ్లు లేకపోవడం వల్లనే దేవుడి సామగ్రి రైలెక్కింది. ఆడడానికి వేరే వేషం, దాన్ని శ్రద్ధగా కట్టే చేతులు ఉంటే, ఏత్మసూర్ ముందు పెట్టిన తలపాగా ఊళ్లోనే ఉంటుంది, దండారి రోజులకే బయటికొస్తుంది. కట్టే పని తెలిసిన యువకుడికి పండుగ లేని పదకొండు నెలలూ బతుకుతెరువు ఉంటుంది. పండుగ నాడు ఊరి తలపాగాను బాగుచేసేదీ అతనే. 1943లో పంతుళ్లను తయారుచేసిన మార్లవాయి ఈ పంతుళ్లనూ తయారుచేయగలదు. కనక రాజు దగ్గర ఆట నేర్చుకున్న తరం ఇంకా వయసులో ఉంది, తలపాగా కట్టిన పెద్దలు ఇంకా ఊళ్లలో ఉన్నారు. ఈ రెండు తరాలు ఒకే వాకిట్లో దొరికే కాలం ఇదే. ఆ వాకిట్లో బడి పెట్టమని జిల్లా యంత్రాంగాన్ని, విశ్వవిద్యాలయాలను, సినీరంగాన్ని అడగడం మన అందరి పని.

(వచ్చే భాగంలో: ఉషేగాం, కేస్లాగూడ ఓజాల కొలిమి. మైనపు తీగ నుంచి గజ్జె దాకా.)